రెండు పలకల సాక్ష్యము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తిరుమంగళమునందు జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

    

వార్షికోత్సవమునాడు ప్రధానోపాధ్యాయుడు నాలుగు మాటలు చెప్పుట ఆచారము. హాజరు లెక్కలు, పరీక్షా ఫలితములు, కట్టవలసిన గదులు, రావలసిన నిధులు, ఇవన్నియు నివేదికలో అచ్చుపడియున్నవి. వానిని మరల చదివి మీ కాలమును హరింప దలచుకొనలేదు. నేడు ఏడవ తరగతి గదిలో ఒక బల్లమీద, నల్లకాగితము చుట్టిన రెండు పలకలను, వాని ప్రక్కన అంకెలు మారుచుండు ఒక చిన్న పెట్టెను మీలో పలువురు చూచియుందురు. ఆ పెట్టెను గూర్చియే మాటలాడ దలచితిమి.

అంతకుముందు ఒక సంగతి మనవి చేసికొందుము. గడచిన విద్యాసంవత్సరము ముగియు దినములలో మీలో ఒకరు మా గదికి వచ్చి, తమ బిడ్డకు బదిలీపత్రము నిమ్మని అడిగిరి. కారణ మడుగగా, "అయ్యవారూ, ఇంటిలో తెలుగు మాటలాడుదుము, అది చాలదా? సైన్సును కూడ తెలుగున చదివినచో బిడ్డ ముందునకు పోవునా?" అనిరి. ఆ పెద్దమనిషి మాటలో కోపము లేదు, భయము మాత్రము కలదు. ఆ భయము మీలో పలువురి మనస్సులలో నున్నదని మే మెరుగుదుము. ఆనాడు మావద్ద సరియైన సమాధానము లేకపోయెను. పత్రముపై సంతకము చేసి యిచ్చితిమి. ఆ బల్లమీది పెట్టె మాకు నేర్పిన పాఠమే నేడు మేము చెప్పగల సమాధానము.

మొదట ఆ పెట్టె ఏమి లెక్కించునో చెప్పుదుము. ఆకాశమునుండి వానయు ఎండయు మాత్రమే గాక, కంటికి కానరాని కణములు కూడ రేయింబవళ్లు మనపై కురియుచున్నవి. 1912లో ఆస్ట్రియా దేశీయుడగు విక్టర్ హెస్ అను శాస్త్రజ్ఞుడు బెలూనులో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి, కొంత ఎత్తు దాటిన పిమ్మట పైకి పోయినకొలది ఒక విధమైన కిరణముల బలము హెచ్చుచున్నదని కనుగొనెను. అవి భూమినుండి పుట్టినవి కావు, పైనుండి వచ్చునవే అని తేలెను. వానినే విశ్వకిరణము లందురు. ఆ కిరణములు వాయుమండలపు పై పొరలలోని గాలిని తాకినపుడు పుట్టు కణములలో మ్యూయాను ఒకటి. 1936లో అమెరికాలో కార్ల్ ఆండర్సన్, సెత్ నెడర్‌మయర్ అనువారు దీని జాడను పట్టిరి. ఇది ఎలక్ట్రానుకు అన్నవంటిది. విద్యుత్తు అంతయే, బరువు మాత్రము 207 రెట్లు.

దీని ఆయుర్దాయము మిక్కిలి స్వల్పము. సెకనును పదిలక్షల భాగములు చేసినచో సగటున 2.2 భాగములు మాత్రమే. వెలుతురు వేగముతో పరుగెత్తినను ఆ కాలములో సుమారు 660 మీటర్లకు మించి పోజాలదు. అయినను ఇంచుమించు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టినది మన పాఠశాల పెంకులు దాటి మీ తలలమీదికి దిగుచున్నది. వేగముగా పోవుదాని గడియారము మనకు మెల్లగా నడచునట్లు కనబడునని ఐన్‌స్టీను చెప్పిన మాటకు ఇది నిత్యము మన ఇంటిమీద కురియు నిదర్శనము. అరచేయి చాచి పట్టుకొన్నచో సెకనునకు ఇంచుమించు ఒక మ్యూయాను దానిగుండ దూరిపోవును. ఇది మానవుడు తెచ్చిపెట్టినది కాదు. మన తాతముత్తాతల తలలమీదను ఇట్లే కురిసినది. కావున భయపడ పనిలేదు.

ఈ విద్య మనకు దూరదేశపు విద్య యని తలంపవలదు. కోలారు బంగారు గనులలో తెలుగువారును తమిళులును తరతరములుగా కూలి చేసిరి. ఆ గనుల లోతులలో టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు 1950 దశకము మొదలుకొని మ్యూయానులను లెక్కించుచు వచ్చిరి. లోతు పెరిగినకొలది లెక్క తగ్గెను. 1960 ప్రాంతమున మిక్కిలి లోతున ఒక శోధకమును పెట్టి సుమారు రెండు నెలలు కాచియుండగా ఒక్క మ్యూయాను కూడ రాలేదు. మనము "ఏమియు రాలేదు, పని చెడినది" అనుకొందుము. వా రట్లు తలపలేదు. పైనుండి ఏమియు రాని చోట ఏదైన కనబడినచో అది వేరొక తెరగున వచ్చినదే కావలె నని గ్రహించిరి. సుమారు 2,300 మీటర్ల లోతున సింటిల్లేటరు గోడలు నిలిపి, వాయుమండలములో పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో లోకమునకు ప్రకటించిరి. ఆ పత్రముపై సంతకము చేసినవారిలో ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి మొదలగువారు కలరు. సున్న కూడ ఒక ఫలితమే యని మా పిల్లలకు ఈ కథనే చెప్పుచుందుము. ఆ గనులు 2001లో మూతబడినవి.

కోయంబత్తూరు దాటి నీలగిరు లెక్కినచో ఊటీలో గ్రేప్స్-3 అను ప్రయోగశాల కలదు. సుమారు 2,200 మీటర్ల ఎత్తున, ఒక్కొక్కటి ఒక చదరపు మీటరు వైశాల్యముగల సింటిల్లేటరు శోధకములు నాలుగువందల వరకు కొండవాలున పరచియున్నవి. వానికి తోడుగా 560 చదరపు మీటర్ల మ్యూయాను దూరదర్శిని యున్నది; అందు 3,712 లోహపు గొట్టములు కలవు. 2014 డిసెంబరు 1వ తేదీన కురిసిన ఒక ఉరుముల వానలో మ్యూయానుల లెక్క నూటికి రెండు వంతున తగ్గుటను గమనించి, ఆ మేఘములో 130 కోట్ల వోల్టుల విద్యుత్పీడన మున్నదని వారు 2019లో ప్రకటించిరి. ఇక మన మదురైలోనే 85 టన్నుల ఇనుప పలకల నడుమ పది పొరల శోధకములు అమర్చి 2018 మొదలుకొని మ్యూయానుల బాటలను పరిశీలించిరి. ఇచ్చటినుండి బస్సెక్కిన గంటలో చేరదగిన ఊరది.

ఈ సంగతులన్నియు పాఠములో చెప్పుచుండగా మా పదవ తరగతివారు, "మనము కూడ లెక్కించవచ్చునా?" అని యడిగిరి. ఒక కళాశాలలోని భౌతికశాస్త్రోపాధ్యాయులు దయతో తమ యొద్ద నున్న రెండు పాత సింటిల్లేటరు పలకలను, కొన్ని పరికరములను ఎరువిచ్చిరి. పలక యొక్కొక్కటి 20 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, ఒక సెంటీమీటరు మందము.

ఇది చూచుటకు వట్టి ప్లాస్టికు ముక్క. కాని యందు కలిపిన ద్రవ్యముల వలన, మ్యూయాను దూరిపోయినపుడు అది సన్నని నీలికాంతితో మెరయును. ఒక సెంటీమీటరు మందమునకు సుమారు ఇరువదివేల కాంతికణములు పుట్టును. అది మన కన్నులకు చాలదు, అంతలోనే ఆరిపోవును. కావున పలక అంచున ఫోటోమల్టిప్లయరు అను గాజునాళమును అతికింతురు. నాళమును చేరిన కాంతికణములలో నాలుగింట ఒకటి చొప్పున ఒక ఎలక్ట్రానును వెడలించును. ఆ ఎలక్ట్రాను ఒక లోహపు మెట్టును తాకి నాలుగింటిని, ఆ నాలుగును తరువాతి మెట్టున పదునారింటిని వెడలించును. ఇట్లు పది మెట్లు. నాలుగును పదిమారులు హెచ్చించిన ఎంత యగునో మా ఆరవ తరగతివాడు పలకమీద వేసి చూపెను: 10,48,576. ఒక్కటి పదిలక్షలకు పైబడినది. ఇందులకు నాళమునకు వేయి వోల్టుల వరకు విద్యుత్తు కావలెను. ఆ మీటను ఉపాధ్యాయులు తప్ప పిల్లలెవ్వరును ముట్టరాదని గట్టి కట్టడి చేసితిమి.

నాళమునుండి వెలువడు విద్యుత్ స్పందనము వోల్టులో కొన్ని వందవ వంతులు మొదలు కొన్ని పదవ వంతుల వరకు ఎత్తుండును. నిడివి సెకనులో వందకోట్లవ వంతులు పదియో ఇరువదియో. కాని నాళము ఊరకుండదు. మ్యూయాను రాకపోయినను, వేడిమివలన లోపలి ఎలక్ట్రానులు తమంతట తామే వెడలి చిన్న చిన్న స్పందనములు పుట్టించును. మన గోడలలోని రాళ్లనుండియు కొంత కిరణప్రసార ముండును. అసలును నకిలీని వేరుపరచుటకు రెండు ఉపాయములు కలవు.

మొదటిది గడప. డిస్క్రిమినేటరు అను పరికరము, మనము నిర్ణయించిన ఎత్తును దాటిన స్పందనమును మాత్రమే లోనికి రానిచ్చును. మేము 30 మిల్లివోల్టుల గడప పెట్టితిమి. గడప తగ్గించినచో రొద యంతయు లోపలికి వచ్చును. మితిమీరి హెచ్చించినచో వచ్చిన చుట్టమును కూడ వెలుపలనే నిలిపినట్లగును. ఈ రెంటి నడుమ తగిన ఎత్తును కనుగొనుటకు మా పిల్లలకు వారము దినములు పట్టినది.

రెండవది ఇద్దరి సాక్ష్యము. ఒక పలకకు పైన మరియొక పలకను పెట్టి, రెండింటియందును ఒకే క్షణమున స్పందనము వచ్చిననే లెక్కలో కలుపుట. నాళపు రొద ఒకదానిలో వచ్చిన వేళకే రెండవదానిలో రానేరదు. మ్యూయాను మాత్రము రెంటిని దూసికొనిపోవును. ఈ పద్ధతిని జర్మనీలో బోతే నెలకొల్పెను. 1930లో ఇటలీలో రోసి దీనికి చక్కని విద్యుద్వలయమును కూర్చెను. బోతేకు దీనికై 1954లో నోబెల్ బహుమాన మిచ్చిరి. మా పిల్లల వలయములో "ఒకే క్షణ" మనగా సెకనులో పదిలక్షలవ వంతు.

ఇక జరిగినది వినుడు. ఇందులో మా తప్పును దాచము.

పలకల నడుమ 20 సెంటీమీటర్ల ఎడముంచి లెక్కింపగా నిమిషమునకు 152 వచ్చినది. పుస్తకములో నేమో చదరపు సెంటీమీటరునకు నిమిషమున కొకటి యని యున్నది. పలక వైశాల్యము 400 చదరపు సెంటీమీటర్లు. కావున 400 రావలెను గదా యని పిల్లలు చిన్నబుచ్చుకొనిరి. మరునాడు పెద్దలు కొందరు చూడ వచ్చుచుండిరి. ఆ సాయంకాలము పదవ తరగతి బాలిక యొకతె గది దీపము ఆర్పి తాళము వేయబోవుచు, పెట్టెవైపు చూచి నిలిచిపోయెను. లెక్క 92కు దిగెను. దీపము వెలిగించెను, మరల 152. ఆర్పెను, 92. పరుగున వచ్చి మాతో చెప్పెను.

మేము చేసిన దేమి? "అమ్మాయీ, 400కు 152 కొంత దగ్గర, 92 మరింత దూరము. రేపు పెద్దలు వచ్చుచున్నారు. పట్టికలో 152 వ్రాసి ముగింపుడు" అంటిమి. ఏబది యేండ్లు దాటిన వయస్సు, ఇన్ని సంవత్సరముల ఉపాధ్యాయ వృత్తి, ఆ క్షణమున మాకు తోడు రాలేదు. ఆ బాలిక తల వంచుకొని, కాని మాట వంచక ఇట్లనెను: "దీపం ఆర్పితే తగ్గేది ఆకాశంనుంచి వచ్చేది ఎట్లయితుందయ్యా?"

మాకు సమాధానము లేదు. "సరే, ఎందుకో కనుగొనుడు" అని మాత్ర మంటిమి.

మరునాడు ఉదయమే వారు ఒక్కొక్క పలకను వేరువేరుగా లెక్కించిరి. క్రింది పలకలో సెకనునకు సుమారు 100. పై పలకలో 5,000! పై పలకకు చుట్టిన నల్లకాగితము, నాళమతికిన మూలయందు గోరంత లేచియున్నది. దీపపు వెలుతురు ఆ సందున దూరి నాళమును కలచుచున్నది. రెండు సాక్షులలో ఒకడు ఎడతెగక మాటలాడుచున్నచో, రెండవవాడు నోరు విప్పినపుడెల్ల ఇద్దరును ఏకీభవించినట్లే తోచును. దీనికి లెక్క కలదు. రెండు పలకల స్పందన సంఖ్యలను హెచ్చించి, దానిని "ఒకే క్షణ"ముతో హెచ్చించి, రెట్టింపు చేయవలెను. 5,000ను 100తో హెచ్చింప 5,00,000, దానిలో పదిలక్షలవ వంతు అర, రెట్టింపు ఒకటి. అనగా సెకనునకు ఒక దొంగసాక్ష్యము, నిమిషమునకు 60. 152లో 60 తీసివేయగా 92! బాలిక నల్లబల్లమీద ఆ తీసివేత వేసినపుడు తరగతిలో చప్పుడు లేదు. మూల నతికించి నల్లపట్టీ చుట్టినారు. పిమ్మట దీప మున్నను లేకున్నను 92 చుట్టునే నిలిచినది.

మరి 400 ఏమయ్యె నందురేమో. పుస్తకము తప్పు చెప్పలేదు. మేము దానిని సరిగా చదువలేదు. 400 అన్నది ఒక్క పలకను అన్ని దిక్కులనుండి తాకునవి. రెండు పలకలను ఒకేసారి దూసిపోవలెనన్నచో ఏటవాలుగా వచ్చునవి తప్పిపోవును. దీనిని కూడ మాటతో విడువక పరీక్షించిరి. ఎడమును నాలుగు వ్రేళ్లకు తగ్గింపగా లెక్క రెండు రెట్లకు మించెను. రెట్టింపు చేయగా సగముకన్న తక్కువ యయ్యెను. ఒక నిమిషములో 85, మరియొక నిమిషములో 101 వచ్చుట చూచి కలవరపడినవారికి, దానికిని నియమము కలదని తెలిపితిమి. లెక్కించిన సంఖ్య యొక్క వర్గమూల మంతటి హెచ్చుతగ్గులు సహజము. పది నిమిషములలో 920 వచ్చినచో ముప్పది అటు నిటు. ఓపిక పట్టి ఎక్కువసేపు లెక్కించినకొలది మాట గట్టిపడును. పెద్దలు వచ్చిన వేళ పట్టికలో 92 అనియు, దానిక్రింద లేచిన కాగితపు కథయు బాలికల చేవ్రాతలో నున్నవి. మా మాట వినియున్నచో అచ్చట 152 ఉండెడిది.

తల్లిదండ్రులారా! బదిలీపత్ర మడిగిన ఆ పెద్దమనిషికి ఇప్పుడు మేము చెప్పునదేమన: శాస్త్రమనగా పుస్తకపు వాక్యమును ఒప్పగించుట మాత్రమే యైనచో ఏ భాషలో ఒప్పగించినను ఒకటే. కాని కన్నులార చూచినదానిని నమ్మి, తన ప్రధానోపాధ్యాయుని యెదుట "అది ఎట్లయితుందయ్యా" అని అడుగగలుగుట శాస్త్రమైనచో, ఆ ప్రశ్న నోట పుట్టుటకు చేతిలో నున్న భాష కావలెను. ఆ బాలిక మా యెదుట పలికినది అమ్మ నేర్పిన తెలుగు. దానిని వెదకుకొనవలసిన యగత్యము ఆమెకు కలుగలేదు. రాని భాషలో నైనచో, ఆ మాటలు కూర్చుకొనులోపల మేము "152" అని వ్రాయించి తలుపు మూసియుందుము.

అట్లని ఇంగ్లీషు వలదని గాని, తమిళము వలదని గాని మేము చెప్పము. ఆ పరికరముల పుస్తకము లన్నియు ఇంగ్లీషులోనే యున్నవి. వానిని పిల్లలు నిఘంటువు పెట్టుకొని చదివిరి. కావలసిన తీగలను కొనితెచ్చినది తమిళములో బేరమాడియే. తమిళము మన ఊరి భాష, మన ఇరుగుపొరుగు భాష. అది రాక ఇచ్చట బ్రతుకుట తగదు. ఈ మూడును నేర్వవలెను. కాని ఆలోచన వేరూనుటకు ఒక నేల కావలెను గదా.

ఇది మనకే గాదు, అందరికిని వర్తించు మాట. తేని జిల్లాలోని పొట్టిపురము దగ్గరి కొండలోపల న్యూట్రినో పరిశోధనాలయమును కట్ట దలపెట్టి, 2015లో కేంద్రప్రభుత్వము అనుమతించినది. ప్రజలలో భయములు, ఆక్షేపణలు, వ్యాజ్యములు వచ్చినవి. దానిలోని మంచిచెడ్డలను తీర్చుట మా పని కాదు. కాని కొండ క్రింద కాపురముండువారికి "మ్యూయాను అనగా ఏమి, మా నీటికి మా పొలమునకు ఏమగును" అని అడుగు హక్కు కలదు. వారి భాషలో వారికి తెలియునట్లు సమాధానము చెప్పు బాధ్యత చదివినవారికి కలదు. అట్లు చెప్పగలవారు ఆయా యిండ్లనుండియే రావలెను.

మా విన్నప మొకటే. నేటి సాయంకాలము ఇంటికి పోవుటకు ముందు ఆ బల్ల యొద్దకు పోయి, మీ బిడ్డను "ఇది ఏమి?" అని అడుగుడు. తెలుగున అడుగుడు. వారు చెప్పునది మీకు తెలియనిచో మరల అడుగుడు. అప్పుడు వారికిని ఎంత తెలియునో, ఎంత తెలియదో బయటపడును. ఆ రెండవ ప్రశ్నయే మేము పాఠశాలలో ఇయ్యలేని శిక్షణ. ఇచ్చట మేమొక పలక, ఇంటియందు మీరొక పలక. మన నడుమనుండి పోవు బిడ్డను ఇద్దరమును ఒకే వేళ చూచిననే లెక్క సరిపోవును.

ఆ పెద్దమనిషి నేడు ఈ సభలో నున్నారో లేదో మే మెరుగము. ఉన్నచో వారిని కూడ ఆ బల్ల యొద్దకు ఆహ్వానించుచున్నాము. నల్లపట్టీ చుట్టిన మూలను చూపుటకు ఆ బాలిక యచ్చటనే నిలిచియున్నది.